పాత శ్మశానంలో చోటు

“పాత శ్మశానంలో చోటు ఈ గాల్వే గడ్డ మీద పుట్టినవాళ్లకే కోల్మన్! ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ మీ హెషన్ల ఇంటివాళ్లకి కాదు. కరువునాటి చర్చి రిజిస్టర్లో మీ పేరుంటే చూపించు, మీ అమ్మని పూడ్చుదువుగాని.”

ఐర్లండ్‌లోని ఆ ఊరి శ్మశానం కమిటీ పెద్ద డెలియా టార్పీ కంప్యూటర్లో జ్ఞానస్నానాల పేజీలు కసిగా తిప్పుతోంది.

“వద్దు డెలియమ్మా, ఆపండి.”

“భయమా?”

హెషన్ పేరు దొరికింది. ఆ వరసలోనే డెలియా ముత్తాత పేరు కూడా ఉంది.

‘మైకేల్. హెషన్ల గుమ్మంలో దొరికిన పసికందు. తల్లిదండ్రులెవరో తెలియదు. ఫాదర్ పెట్టిన ఇంటిపేరు టార్పీ. జ్ఞానతల్లి ఆనర్ హెషన్.’

డెలియా గొంతు దిగిపోయింది. “నీకు తెలుసా ఇది?”

“పదేళ్లుగా తెలుసు. మీరు తిట్టినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. మా అమ్మే నోరు మూయించేది.”

డెలియా అతని మొహం చూడలేదు.

“తవ్వేవాళ్లని పొద్దున్నే రమ్మను,” అంది కటువుగానే. “మావాళ్ల పక్కనే తవ్వమను.”