పిడికెడు సామలు

"నువ్వు తిన్నవా బిడ్డా?"

నూకమ్మ గరిటె ఆపి చూసింది.

గుండిగ పక్కన ఎవరో ముసలావిడ. కాళ్లనిండా దుమ్ము, కొంగులో చిన్న మూట.

ఆ మాట తననెవరైనా అడిగి ఎన్నేళ్లయిందో నూకమ్మకే గుర్తులేదు. భర్త పోయాడు. పిల్లలు లేరు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే, కిరండూల్ రైలు లైను వేసే రోజుల్లో, కన్నవాళ్లు జ్వరంతో పోయారు. నా అనేవాళ్లే లేని మనిషి.

అంబేడ్కర్ జయంతి ఒక్కరోజు మాత్రం గని టౌన్‌షిప్ అంతా ఆమె పేరే పిలుస్తుంది. అన్ని కులాలవాళ్లూ, అన్ని భాషలవాళ్లూ తలా పిడికెడు బియ్యం తెచ్చి ఒకే గుండిగలో పోస్తారు. వండేది నూకమ్మ. తినేది ఒకే పంక్తి. ఆఫీసర్లకు కుర్చీలు, గని కూలీలకు నేల. అంతవరకే తేడా!

వంట చెడితే వచ్చే ఏడు గరిటె ఇంకొకరి చేతికి పోతుంది. నూకమ్మకు అదే భయం.

"తరవాత తింతానులే మామ్మా. ఏటి కావాల?"

"నాకేం వద్దు. ఇయ్యి గూడ అండ్ల పోయ్." ముసలావిడ మూట విప్పింది. సామలు.

"సామలేటి! బియ్యంలో కలిస్తే ముద్దయిపోద్ది. ఆఫీసర్లు తినాల."

"పిడికెడే గద బిడ్డా."

"వొద్దంటే ఇనవేటి? అటెల్లి కూకో. పంక్తి ఏసాక పిలుత్తాను."

ముసలావిడ మూట కట్టేసుకుంది. టెంటు చివర ఎండలో నిలబడి నూకమ్మనే చూస్తూ ఉండిపోయింది.

పంక్తి వేశారు. జయంతి కమిటీ సెక్రటరీ కూర్మారావు మైకులో సమానత్వం గురించి గొంతు చించుకున్నాడు. వడ్డన హడావిడిలో పిలుస్తానన్న మాట నూకమ్మ మరిచేపోయింది. గుర్తొచ్చి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

అందరూ వెళ్లాక, ఎప్పటిలాగే ఒక్కతే కూర్చుని గుండిగ అడుగున మిగిలింది ఆకులో పెట్టుకుంది.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయిన యేసుపాదం కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఇర్మె ఏదే? నీ పక్కన కూకుని తింతానందే!"

"ఇర్మె ఎవులు తాతా?"

"పామేడు అడివి కాణ్నించి వొచ్చిన డోర్ల కోయ ముసిల్ది. సామలు అట్టుకొచ్చింది."

నూకమ్మ చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. "ఆమా? ఎల్లిపోయింది. బీజాపూర్ బస్సు కదిలి గంటయిపోనాది... ఏం తాతా?"

యేసుపాదం కర్ర పక్కన పడేసి నేలమీద కూర్చున్నాడు.

"ఏడాదికోపాలి వొచ్చి, దూరాన్నించి నిన్ను సూసి ఎల్లిపోయీది. ఈ ఏడు నానే సెప్పినాను, దగ్గిరికెల్లవే, ఇంకెన్నాళ్లుంటావని."

"నన్నెందుకు సూడ్డం?"

"మీయమ్మ పోయినాక రెండేళ్లు నీకు పాలిచ్చి పెంచింది అదేనే నూకమ్మా... మన పిల్ల అడివోళ్ల గుడిసిలో పెరగడవేటని, దాని ఒళ్లోంచి నిన్ను లైను కూలోళ్లం మేవే లాక్కొచ్చేసినాం."