నేనొచ్చినంక ఏద్దాం

"ప్రాసెసర్ పాతదైతే ఆట నత్తలెక్క నడుస్తది తమ్మీ. ఇంట్ల ఫ్యూజు ఎందుకు పోతది?" అన్నాడు మున్వర్, కంప్యూటర్ డబ్బాను పక్కకు పడుకోబెడుతూ.

భానుకు ఒళ్లు మండింది. "వేడెక్కి ఫ్యూజు కొట్టేస్తది భాయ్. ఆట జోరుమీదున్నప్పుడే టప్పున ఆగుతది. మా నాయిన పోయి ఫ్యూజు చూసొస్తడు. నువ్ తెచ్చింది బిగించు, చాలు."

సరుకు అమ్ముకునేవాడు అంతకుమించి వాదిస్తాడా? మున్వర్ స్క్రూలు విప్పసాగాడు. భద్రాచలంలో అతనికి చిన్న రిపేరు షాపుంది. కొత్త బోర్డు, కొత్త ర్యామ్ కొనే స్తోమత భానుకు లేదు కనక, ఈ పాత బోర్డు మీదే కూర్చునే ప్రాసెసర్ ఒకటి, ఎవరో వాడి వదిలేసింది, వెతికి పట్టుకొచ్చాడు. పొద్దున్నే వస్తానన్న మనిషి ఈ అడవంచు ఊళ్లో దిగేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఇంకాసేపట్లో భాను జట్టుకు సెలక్షన్ మ్యాచ్. గెలిస్తే హైదరాబాద్‌లో ఆడటానికి పిలుస్తారు. మధ్యలో మళ్లీ కంప్యూటర్ ఆగిందంటే మాత్రం జట్టులోంచి పీకేస్తామని మొహం మీదే చెప్పారు. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న భానుకు చేతిలో ఉన్నది ఆ ఒక్క ఆటే.

ఏనాడూ కంప్యూటర్ వంక కన్నెత్తి చూడని తండ్రి బాబూరావు, ఇవాళ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు. చివరికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మెయిన్ బంద్ చేసి పని చేయుండ్రి."

"ప్లగ్గు పీకినం గద కాకా, చాలు."

"వద్దు వద్దు. షాక్ కొడితే ఎట్ల?" అంటూ తనే వెళ్లి మెయిన్ కిందికి లాగేశాడు. ఇల్లంతా చీకటైంది. భాను విసుక్కుంటూ ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు.

"ఎంతసేపు పడతది బిడ్డా?"

"గంటన్నా పడతది," అన్నాడు భాను తలెత్తకుండానే.

"మంచిది. నేనొచ్చినంక ఏద్దాం మెయిన్. అది ఎట్ల నడుస్తదో నేను గూడ చూడాలె."

భానుకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు కరిగింది కూడా. ఆటలో ఎవడు ఎవణ్ని కాలుస్తున్నాడో తెలియని మనిషికి ప్రాసెసర్ మీద ఇంత ప్రేమా! "సరే నాయినా," అన్నాడు. బాబూరావు తువ్వాలు భుజాన వేసుకుని పెరటివైపు వెళ్లిపోయాడు.

బోర్డు మార్చే పని లేదు కదా. పాతదాన్ని ఊడదీసి, కొత్తదాన్ని కూర్చోబెట్టి, పేస్టు పూసి, ఫ్యాను బిగించేసరికి పావుగంట కూడా పట్టలేదు. జట్టువాళ్లు "ఏడున్నవ్ రా" అంటూ మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నారు.

"కాకను రానీ," అన్నాడు మున్వర్.

"ఆయనొచ్చేసరికి మ్యాచ్ అయిపోతది భాయ్. వచ్చినంక మళ్ల చూపిస్త," అని భాను మెయిన్ పైకి కొట్టాడు.

తెర వెలిగింది. ఆట తెరుచుకుంది. ఇన్నాళ్లూ తడబడుతూ కదిలిన బొమ్మలు నీళ్లలా జారిపోతుంటే భాను కళ్లు చెమర్చాయి.

"చూసినవా భాయ్! చెప్పిన గద, ప్రాసెసరేనని!"

ఆ మాట నోట్లో ఉండగానే బల్బు గుడ్డిదైంది. ఫ్యాను మూలిగింది. కంప్యూటర్ టప్పున ఆగిపోయింది.

"చెడిపోయిన సరుకు అంటగట్టినవ్!" భాను మున్వర్ మీదికి వెళ్లాడు. మున్వర్ సంచిలోంచి మీటరు తీసి ప్లగ్గులో పెట్టి చూశాడు.

"కరెంటు సగం గూడ వస్తలేదు. ప్రాసెసర్ తప్పు కాదు తమ్మీ. ఏదో గుంజుతుంది. మోటార్ ఉందా మీకు?"

"లేదు."

మున్వర్ ఫోన్ లైటుతో వెనక వసారాలోకి వెళ్లాడు. కంప్యూటరున్న గది కిటికీకి ఎదురుగానే, వసారా బల్బు వైరుకు ఇనుప తీగ ఒకటి కొక్కెంలా తగిలించి ఉంది. అది పెరటి కంచె దాటి, కంకి పట్టిన మొక్కజొన్న చేలోకి పోయింది.

"అడవి పందులకు పెట్టిండ్రు," అన్నాడు గొంతు తగ్గించి. "ఏదన్న దాని మీద పడ్డప్పుడల్ల మీ ఇంట్ల గిట్లనే అయితది."

భానుకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. కంప్యూటర్ ఆగగానే ఫ్యూజు చూసొస్తానని పోయిన నాయన ఎంతకీ రాకపోవడం, మర్నాడు ఇంట్లో పంది కూర! తనూ లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఇన్నాళ్లూ ఏ పాపం ఎరగని ప్రాసెసర్‌ను తిట్టుకున్నాడు. పరాయి మనిషి కళ్లముందు ఆ కొక్కెం విప్పలేకే కాబోలు ఇందాక నాయన అంతలా తిరిగాడు. సిగ్గూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి.

"ముందు మెయిన్ బంద్ చేద్దాం నడువ్," అన్నాడు మున్వర్.

"ఇగ బంద్ చేసి ఏం లాభం భాయ్? పడ్డది పడ్డట్టే సచ్చుంటది," అన్నాడు భాను పళ్లు కొరుకుతూ. "నాయినను రానీ, ఇయ్యాల తేల్చుకుంట."

పక్కింటికి వెళ్లిన తల్లి కమ్లి అప్పుడే వాకిట్లోకి వచ్చింది. గుడ్డిగా వెలుగుతున్న బల్బు చూసి పరుగున వసారాలోకి దూసుకొచ్చింది.

"మెయిన్ ఎవరేసిండ్రురా?"

"నేనే ఏసిన. ఏమైతదే?"

"ఆ తీగెతోని నీ కొత్తది కాలిపోతదని, మెయిన్ బందున్నప్పుడే దాన్ని చుట్టి పారేస్తనని, మీ నాయిన చేన్లకు పోయిండురా!"