పడిపోయినవాడి వాక్యం

“పాస్టరుగారు మళ్ళీ పడిపోయాడంట!”

ఆదివారం పొద్దున ఆరాధనకి గంట కొట్టకముందే ఈ మాట అందరి చెవినా పడింది. జగ్గయ్యపేట శివార్లలో, సున్నపురాయి క్వారీల వైపున్న చిన్న మందిరం అది. చాపల మీద కూర్చున్నవాళ్ళెవరూ బైబిలు తెరవలేదు. వేదిక మీద పాస్టరుగారి కుర్చీ ఖాళీగా ఉంది.

కబురు తెచ్చింది సంఘపెద్ద స్తెఫను. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఆటో నడుపుతాడు. గాలి కబుర్లు చెప్పే మనిషి కాదు. పైగా పాస్టరుగారు స్వయంగా ఫోన్ చేసింది అతనికే.

నిన్న దీపాలు పెట్టేవేళ నందిగామ ట్రిప్పు ముగించుకుని అప్పుడే ఇల్లు చేరాడు. ఫోను మోగింది. సొలొమోను పాస్టరుగారి గొంతే. మాట మాత్రం ముద్దముద్దగా ఉంది.

“స్తెఫనూ... పడిపోయానయ్యా. బాగా లోతుకి పడిపోయా. నా అంతట నేను లేవలేను. నువ్వు రా. వచ్చి లేపు.”

“ఎక్కడున్నారండీ?”

“క్వారీ కాడ...”

లైను తెగిపోయింది.

క్వారీ కాడ ఏముందో స్తెఫనుకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. దొంగచాటుగా మందు అమ్మే బెల్టుషాపుంది. ఒకప్పుడు అతని సంపాదనంతా మింగింది ఆ షాపే. అతన్ని అక్కణ్ణించి లేపి, భుజం ఆసరా ఇచ్చి, ఇంటికి చేర్చింది సొలొమోను పాస్టరుగారే. ఒకసారి కాదు, మానేసేదాకా. “పడినవాడికి తీర్పు తీర్చకండి. ముందు వెళ్ళి లేపండి.” ఆయన ప్రతి ప్రసంగంలోనూ ఈ మాట వచ్చి తీరాల్సిందే. ఆ మాట పట్టుకునే స్తెఫను మళ్ళీ మనిషయ్యాడు.

అలాంటి పాస్టరుగారు నిరుడు తానే పడిపోయాడు. భార్య పోయిన దిగులులో సీసా పట్టి, ఆ షాపు వెనకాలే దొరికాడు. అప్పుడూ ఇలాగే ఫోన్ చేసి “పడిపోయా స్తెఫనూ” అని ఏడ్చాడు. స్తెఫను వెళ్ళి తెచ్చాడు. సంఘం కళ్ళనీళ్ళు పెట్టుకుని క్షమించింది. “ఇంకోసారి పడితే మాత్రం మీ మొహం చూడనండీ” అన్నాడు స్తెఫను.

అందుకే నిన్న ఆటో వాకిట్లోనే ఉన్నా అతను కదల్లేదు. ఫోను మళ్ళీ మోగింది. కాసేపాగి ఇంకోసారి మోగింది. సైలెంట్‌లో పెట్టి దిండు కిందికి తోసేశాడు. అతని భార్య పుష్పవతి గుమ్మంలో నిలబడి చూసింది. వెళ్ళమని మాత్రం అనలేదు. ఆ షాపు గాలి సోకితే ఈయన కూడా మళ్ళీ మొదలెడతాడేమోనని ఆమె భయం.

తెల్లారాక మనసాగక తనే ఫోన్ చేశాడు. స్విచాఫ్.

మందిరంలో క్రాంతికుమార్ లేచాడు. లెక్కల మాస్టారు. మాట కూడా లెక్కలాగే ఉంటుంది.

“మురికి గ్లాసులో పోస్తే మంచినీళ్ళు కూడా మురికేనండీ. తను నిలబడలేనోడు చెప్పిన వాక్యం చెల్లదు. ఆయన చేతుల మీదుగా తీసుకున్న బాప్తిస్మాలు కూడా మళ్ళీ తీసుకోవాల్సిందే.”

సగంమంది తలలూపారు. ముసలి లూర్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. పేటలో ఒకప్పటి కాన్పులన్నీ ఆమె చేతి మీద జరిగినవే.

“మంత్రసాని తాగిందని పుట్టిన బిడ్డని వెనక్కి తోస్తామంట్రా? అయ్యగారు ఎట్టాంటోడన్నా కానీ, చెప్పింది నిజమా కాదా, అది చూడు. ఒరే స్తెఫనూ! పడినోణ్ణి లేపమని నీకు చెప్పాడా లేదా? ఆటో తియ్యి. నేనూ వస్తా.”

ఆదివారం కాబట్టి క్వారీలో బ్లాస్టింగు లేదు. ఎప్పుడూ అలవాటైన ఆ చప్పుడు లేకపోయేసరికి ఊరు ఊపిరి బిగబట్టినట్టుంది. స్తెఫను చెయ్యి జేబులో ఉన్న తాళంచెవి మీదికి పోయింది.

పుష్పవతి అతన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో అతనికి తెలుసు. తనని లేపిన మనిషే నిలబడలేకపోతే, ఆ మనిషిని పట్టుకుని నిలబడ్డ తన గతేంటి? భయపడ్డానని ఒప్పుకోవడం కంటే కోపం తెచ్చుకోవడం తేలిక. స్తెఫను తేలికైన పనే చేశాడు.

“లేపమన్నది ఎవరు పెద్దమ్మా? ఆయనేగా! ఆయన వాక్యమే చెల్లనప్పుడు ఆ మాటొక్కటీ ఎట్టా చెల్లుద్ది?”

జేబులోంచి చెయ్యి తీసేశాడు.

క్రాంతికుమార్ చేతులెత్తమన్నాడు. సొలొమోను ఇక వేదికెక్కకూడదు. సంఘంలో ఎవరూ ఆయన గుమ్మం తొక్కకూడదు, ఆయనకోసం వెళ్ళకూడదు. ఒక్కో చెయ్యీ లేచింది. అందరికన్నా ఆఖరున స్తెఫనుదీ లేచింది. లూర్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల తిప్పేసుకుంది.

పాట ఎత్తుకోబోతుంటే గుమ్మంలో క్వారీ వాచ్‌మన్ కృష్ణయ్య కనపడ్డాడు. ఏనాడూ మందిరం వైపు రాని మనిషి. పరిగెత్తుకొచ్చి రొప్పుతున్నాడు.

“మీ పాస్టరుగారు...” అన్నాడు.

“తెలుసులేవయ్యా. ఇంకా తాగి పడే ఉన్నాడా?” స్తెఫను కూర్చున్న చోటునుంచి లేవకుండానే అడిగాడు.

“తాగటమేందయ్యా, కాలుజారి పాత క్వారీ గుంటలోకి పడిపోయాడు, ఇప్పుడే పోయినట్టున్నాడు, ఒళ్ళింకా చల్లబడలేదు!”