ఎల్లిస్ పెట్టిన టీ

"రేపు నీ టీ పరీక్షటగా," పక్క మంచం మీంచి డెరిక్ అడిగాడు.

ఎల్లిస్ హెప్‌వర్త్ తలూపాడు.

జారిపడి విరిగిన తుంటి ఎముక అతుక్కుంది. చేతికర్రతో నడుస్తున్నాడు. ఇక ఆస్పత్రిలో ఉంచుకోరు. పంపేముందు ప్రతి ముసలివాణ్ణీ వార్డు చివరనున్న చిన్న వంటగదిలోకి తీసుకెళ్లి ఒక కప్పు టీ పెట్టమంటారు. సరిగ్గా పెట్టినవాడు ఇంటికి. పెట్టలేనివాడు కాలువ పక్కనున్న వృద్ధాశ్రమానికి.

డెరిక్ పోయినవారం తప్పాడు.

"ఏమేం తప్పులు చేశావో చెప్పు," అన్నాడు ఎల్లిస్.

"మళ్లీ ఆ గోల ఎందుకబ్బాయ్? యార్క్‌షైర్‌లో పుట్టి టీ పెట్టడం రాలేదంటే, మా అమ్మ బతికుంటే నన్ను కొడుకే కాదనేది."

"చెప్పు డెరిక్. ఒక్కటీ వదలకు."

ఆ గొంతు విని డెరిక్ నవ్వడం ఆపేశాడు.

"టీ పాట్‌లో చన్నీళ్లు పోశానట. పంచదార అనుకుని ఉప్పు వేశానట. పాలు కెటిల్లో పోయబోతే పరీక్ష పెట్టే పిల్ల చెయ్యి పట్టుకుందట. నాకేం గుర్తులేదు. వాళ్లు చెప్తే నమ్మాను." దుప్పటి అంచు నలుపుతూ, "మొన్నటికి మొన్న ఇంట్లో నేనే పెట్టుకుని తాగాను కదా," అన్నాడు చిన్నగా.

"ఇంకా?"

"ఇంకేం కావాలి నీకు, కెటిల్ని నెత్తిన పెట్టుకోవాలా? భయపడకు. నీలాంటి టీ పిచ్చోడే తప్పితే ఈ దేశంలో ఇంకెవడూ గట్టెక్కడు."

ఎల్లిస్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

డెరిక్ అన్నది నిజమే. రైల్వే షెడ్డులో పనిచేసినన్నాళ్లూ ఎల్లిస్ టీకి పేరుండేది. ముందు పాట్‌ని వేడినీళ్లతో కడిగి వెచ్చబెట్టాలి. మనిషికో చెంచా పొడి, పాట్ పేరు మీద ఇంకో చెంచా. పైన ఉన్ని టోపీ తొడిగి, సిగరెట్ ఒకటి కాలేదాకా దాని జోలికి పోకూడదు. ఇటుక రంగు దిగాకే పాలు. పాలు ముందు పోసేవాళ్లు కనబడితే షిఫ్టు అయిపోయినా వాదిస్తూ కూర్చునేవాడు. ఎవరైనా టీ బ్యాగ్ వేసి ఇస్తే దాన్ని దారం పట్టుకుని చచ్చిన ఎలుకలా పైకెత్తి చూపించేవాడు. ఈ ఆస్పత్రి టీ తాగలేక కిటికీ దగ్గరి కుండీలో పోస్తుంటే, ఆ మొక్క కూడా తట్టుకోలేక వాడిపోయింది.

అంతటి పేరు ఇప్పుడెందుకూ పనికిరాదు. మిగిలిన బతుకు ఎక్కడ గడవాలో ఒక్క కప్పు తేల్చేస్తుంది. ఆ ఆలోచనతో రొట్టె కూడా పక్కన పెట్టేశాడు. డెరిక్ చెప్పిన తప్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ జపంలా వల్లెవేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే జోడీ వచ్చింది. పరీక్ష పెట్టే అమ్మాయి ఆమే.

"మీకెలా ఇష్టమో అలాగే పెట్టండి హెప్‌వర్త్ గారూ. నేనసలు ఇక్కడ లేననుకోండి. ఇంట్లో మీరొక్కరే కదూ?"

"ఒక్కణ్ణే." ఆ మాట అనడం అతనికి ఇంకా అలవాటు కాలేదు.

కెటిల్లో నీళ్లు కాగాయి. ఏం చెయ్యాలో ఎల్లిస్‌కి తెలుసు. కానీ చెయ్యి మాట వినడం లేదు. వేరే ఎవరిదో అయినట్టు తన దారిన తను పోతోంది. కెటిల్ అందుకుని, పాట్‌లో కాసిని వేడినీళ్లు పోసి గుండ్రంగా తిప్పింది.

"పాట్ వెచ్చబెట్టేవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట. మా తాత ఇలాగే చేసేవాడు," జోడీ నవ్వింది.

ఎల్లిస్ నుదుటి మీద చెమట పట్టింది. ఆ నీళ్లు పారబోశాడు. పొడి వేశాడు. కుళాయి తిప్పి పాట్ నిండా చన్నీళ్లు పట్టాడు.

జోడీ నవ్వు ఆగిపోయింది. ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"కంగారు పడ్డారంతే. పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. నేనేం చూడలేదు, సరేనా?"

ఎల్లిస్ వంటగట్టు అంచు పట్టుకున్నాడు. ఈ పిల్ల జాలి చూస్తుంటే ఏడుపొచ్చేలా ఉంది. పాట్ ఖాళీ చేశాడు. చెయ్యి మళ్లీ తన పని తను మొదలుపెట్టింది. చెంచా తీసుకుంది. ఎల్లిస్ ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పాలసీసా ఎత్తి కెటిల్లోకి వంచేశాడు.

స్విచ్ వేశాడు.

పాలు పొంగి గట్టంతా పారాయి. గది నిండా మాడు కంపు. జోడీ పరుగున వచ్చి ప్లగ్గు పీకేసి, ఎల్లిస్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. తనూ పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏమీ అనుకోకండి. మిమ్మల్ని ఒంటరిగా ఇంటికి పంపే ధైర్యం నాకు లేదు. ఆశ్రమానికే రాయాలి."

"ఖాయమేనా?" అడిగాడు ఎల్లిస్.

"ఖాయమే. ఇక మార్చడం నా చేతుల్లో ఉండదు." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏడవాలనిపిస్తే ఏడవండి. నేను అటు తిరుగుతాను."

ఏడాది కిందట భార్య మార్జొరీని చేర్చిన ఆ ఆశ్రమంలో, టీ పెట్టుకోగలిగిన భర్తకు చోటివ్వరని తెలిసిన ఎల్లిస్, సంతోషం బయటపడకుండా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.