నమ్మదగిన మొహం

"పాస్‌వర్డ్ ఇచ్చేయక్కా. ఎందుకింత పంతం?" అన్నాడు మేనేజరు.

మూతులక్క ససేమిరా అంది. కంప్యూటర్ బొమ్మలకు నవ్వూ, ఏడుపూ, మాటా నేర్పడం ఆవిడ పని. 'ప' అంటే పెదాలు ఎలా కలుస్తాయో, 'ఊ' అంటే ఎంత ముందుకొస్తాయో చూసుకుంటూ రోజంతా అద్దం ముందు మూతి తిప్పుతూ కూర్చుంటుంది కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. ఏళ్ళ తరబడి చేసిన మొహాలన్నీ ఆ ఒక్క పాస్‌వర్డ్ వెనకాలే ఉన్నాయి. అదికాస్తా చెప్పేస్తే రేపటినుంచి తనతో వీళ్ళకేం పని? మర్యాదగా ఇంటికి పంపించేస్తారు.

అసలు మేనేజరు వాలకమే ఆవిడకు మింగుడు పడడం లేదు. ఎన్నడూ లేనిది ఈ మధ్య అక్కా అక్కా అంటూ టీ కూడా తెచ్చిస్తున్నాడు. పెదాలు నవ్వుతాయి, కళ్ళు మాత్రం నవ్వవు. ఆ తేడా పట్టుకోవడమే ఆవిడకు ఇన్నాళ్ళూ అన్నం పెడుతున్న విద్య.

"నా ఉద్యోగం ఎక్కడికీ పోదని ఓనర్ సార్ తన నోటితో చెప్పాలి. అదీ నేను మొహం చూస్తుండగా చెప్పాలి. అప్పుడిస్తాను," అంది.

మేనేజరు కాసేపు గడ్డం గోక్కున్నాడు. సార్ బయటికెళ్ళారనీ, కావాలంటే వీడియో కాల్ కలుపుతాననీ అన్నాడు. సరేనంది. కాల్ కలిపి, మీరూ మీరూ మాట్లాడుకోండంటూ పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తెర మీద సార్ కనిపించారు. మూతులక్క కుర్చీ ముందుకు లాక్కుని, ఆయన మాటలకన్నా మొహం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. నాన్చకుండా అడిగేసింది.

"నన్ను తీసేస్తారా సార్?"

"నిన్నా? నేనున్నంతకాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా."

కనుబొమలు లేవాల్సిన చోట లేచాయి. నవ్వు పెదాల దగ్గర మొదలై రెండు బుగ్గల మీదుగా కళ్ళదాకా పాకింది. చూపు పక్కకి పోలేదు. ఆవిడ కళ్ళలో ఒత్తులు వేసుకుని వెతికినా అబద్ధం జాడ దొరకలేదు. ఛ, అనవసరంగా అనుమానించానే అనుకుని సిగ్గుపడింది. మేనేజరును పిలిచి పాస్‌వర్డ్ చెప్పేసింది. అతను ఎప్పటిలాగే పెదాలతో మాత్రం నవ్వాడు. పాపం, అతని నవ్వే అంతేమో అని సరిపెట్టుకుంది.

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మొహం కడుక్కుందామని బయటికి వచ్చేసరికి ఎదురుగా లిఫ్ట్ తలుపు తెరుచుకుంది.

అందులోంచి సార్ దిగారు. ఎడమ బుగ్గ బంతిలా వాచిపోయి ఉంది. నోట్లో దూది, చేతిలో పళ్ళ డాక్టరు ఇచ్చిన మందుల సంచీ. మూతులక్క ఆ బుగ్గకేసే చూసింది. ఇందాక తెర మీద దానికి వాపు లేదు. ఆయన ఆవిడ వంక బాధగా చూసి, మొద్దుబారిన పెదాలను కష్టపడి కదిపారు.

"మేనేజరు చెప్తే నమ్మలేదమ్మా. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఉద్యోగం ఎలా మానేద్దామనుకున్నావు?"