మెత్తబడ్డ బ్రేకు

కాలు వేయగానే బ్రేకు పెడల్ వెన్నలోకి దిగినట్టు అడుగుదాకా దిగిపోయింది. ఎదురుగా ఎర్రకొండ దిగుడు. పక్క సీట్లో భార్య కోరల్, ఆమె ఒళ్లో స్కోన్ రొట్టెల పళ్లెం. క్లెమ్ ట్రెవిన్ పెడల్‌ని టపటపా తొక్కి, గేరు తగ్గించి, చివరికి తెల్లబండి ముక్కుని దారిపక్క మట్టిగట్టుకి గుద్ది ఆపాడు. స్కోన్‌లన్నీ లేచి అద్దానికి కొట్టుకున్నాయి.

ఎదుట, బ్రేకుల్లో తేడా వస్తే వెలిగే ఏబీఎస్ లైటు నారింజ రంగులో వెలుగుతోంది.

"పొద్దున వచ్చేటప్పుడు బాగానే ఉందే," అన్నాడు క్లెమ్.

"పొద్దున నువ్వింకా ఉపన్యాసం ఇవ్వలేదు."

అదీ నిజమే. ఇందాక ఊరి హాల్లో మంటలార్పే వాలంటీర్ల భోజనాలయ్యాక, పాత బండి బ్రేకుల్ని ఎలా చూసుకోవాలో అందరికీ బోధించి మరీ వచ్చాడు. తన బండి మీద ఇంతవరకు మెకానిక్ చెయ్యి పడలేదని ఛాతీ విరుచుకుని చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు.

"ప్రాణాలతో ఇల్లు చేరితే ఈ డొక్కుని అమ్మేద్దాం, క్లెమ్," అంది కోరల్. గట్టుకి అవతల లోయ ఎంత లోతో ఇద్దరికీ తెలుసు.

క్లెమ్ దిగి బానెట్ ఎత్తాడు. కళ్లద్దాల కోసం బండంతా వెతికాడు, దొరకలేదు. హాల్లో మర్చిపోయుంటావంది కోరల్. కళ్లు చికిలించి బ్రేకు ఆయిల్ డబ్బాలోకి చూశాడు. అడుగున కొంచెం మిగిలింది, అదీ మాడిన డికాషన్‌లా నల్లగా ఉంది.

"పోయిన నెలే మార్చానన్నావు," అంది కోరల్ భుజం మీంచి తొంగిచూసి.

"మార్చాననే అనుకున్నాను."

సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే, మూత విప్పని కొత్త ఆయిల్ సీసా దొరికింది. క్లెమ్ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"కొన్నాను చూడు. కొని, పోయడం మర్చిపోయాను. నాకు చప్పట్లు కొట్టినవాళ్లని అనాలి."

జాకీ ఎక్కించి ముందు చక్రం విప్పాడు. ఏబీఎస్ సెన్సరు మట్టిలో కూరుకుపోయి ఉంది. దాని వైరు తెగిపోతే ఎవరో కలిపి, మీద వేలి గాయానికి వేసే ప్లాస్టర్ చుట్టారు.

"కోరల్, వైరుకి ప్లాస్టర్ కూడా వేశాను, అదీ గుర్తులేదు."

"అదా సంగతి. నా వేలు తెగినప్పుడు ఇల్లంతా వెతికినా ఒక్క ప్లాస్టర్ దొరకలేదు."

క్లెమ్ నోరు మూసుకుని సెన్సరుని చొక్కా అంచుతో తుడిచాడు, వైరు చివరలు గీకి మళ్లీ కలిపి టేపు చుట్టాడు. వెనక చక్రం దగ్గర ఎయిర్ తీసే నట్టు వదులుగా, తడితడిగా కనపడింది. బ్రేకు గొట్టాల్లోకి గాలి దూరి పెడల్ మెత్తబడుతున్నది అక్కణ్నించే. నట్టు బిగించడం కూడా రాని మనిషి తానేనని అతనికి అర్థమైంది. ఇక కోరల్ డ్రైవరు సీట్లో కూర్చుంది, అతను బండి కిందకి దూరాడు.

"తొక్కు."

"తొక్కాను."

"వదలకు."

"వదల్లేదు. వదిలేదాన్నయితే పెళ్లయిన ఏడాదే వదిలేదాన్ని."

కొత్త ఆయిల్ పోసి నాలుగు చక్రాలకీ ఎయిర్ తీసేసరికి ఎండ వాలింది. గులాబీ రంగు కాకటూ చిలకలు కంచె మీద బారులు తీరి, ఇతని కాళ్లు మాత్రం కనపడుతున్న బండిని వింతగా చూస్తున్నాయి. కింద నుంచి క్లెమ్ గొంతు వినపడింది.

"వచ్చే వారం హాలుకెళ్లి చప్పట్లు వాపసు ఇచ్చేస్తాను. నువ్వన్నట్టే బండి కూడా అమ్మేద్దాం. దీన్ని చూసుకునే యోగ్యత నాకు పోయింది."

పిల్లల్ని బడికి దింపిన బండి అది. క్లెమ్ బయటికి పాక్కుంటూ వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. నూనె చేత్తో ముక్కు తుడుచుకుంటే మీసం కూడా నల్లబడింది.

తాళం తిప్పాడు. ఏబీఎస్ లైటు వెలిగి, ఆరిపోయింది. పెడల్ గట్టిగా ఉంది.

అంతలో పైనుంచి ఇంకో తెల్లబండి మొదటి గేరులో మూలుగుతూ దిగి, వాళ్ల వెనక గట్టుకి ముక్కు ఆనించి ఆగింది. పక్క పొలం నెవిల్ దిగాడు. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి.

"ఒరేయ్ క్లెమ్, అది నా బండి కదరా."

క్లెమ్ నెవిల్ దిగిన బండి నంబరు చూశాడు. అది తనది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగు, ఒకే ఎర్రదుమ్ము. ఆ చుట్టుపక్కల తాళంచెవి ఎవరూ బండిలోంచి తీయరు. హాలు ముందు చేతికి అందినదెక్కి వచ్చేశాడు.

కోరల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విషయం తలకెక్కగానే క్లెమ్ నడుము నిటారుగా లేచింది. "విన్నావా కోరల్. ఆయిల్ మర్చిపోయింది నేను కాదు. ప్లాస్టర్ వేసింది నేను కాదు. నా బండి అదుగో, దాన్ని అమ్మేది లేదు," అంటూ వెళ్లి తన బానెట్‌ని రెండు చేతులా కావలించుకున్నాడు.

నెవిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నీ బండి నాదే అనుకున్నానురా. పెడల్ రాయిలా ఉంటే దారిలో ఆపి కాస్త మెత్తబరిచాను. రోజూ వెలిగే ఆ ఏబీఎస్ లైటొకటి ఎంతకీ వెలగనంటే, ఆ వైరూ ఈ వైరూ లాగి, ఇదిగో, ఇప్పుడే వెలిగించాను."