టివా పెట్టిన గుర్తు

"నా కార్డు మార్చేశావు కదూ?" అంటూ టివా, మెకానిక్ అంపోఫో సంచిని కాళ్ల మధ్య ఇరికించుకుంది.

ఘానాలోని కుమాసీలో ఆమె నెట్ కొట్టు రేపే తెరవాలి. ఆమె కొనితెచ్చిన నెట్‌వర్క్ కార్డును అతను పాత కంప్యూటర్‌లో బిగించి మూడు గంటలైనా దాని దీపం వెలగలేదు.

"మీరు రెప్ప వేస్తే కదా ఆంటీ, నేను మార్చడానికి!"

"మీ మెకానిక్కుల సంగతి తెలుసులే. అందుకే నీ కంటబడకుండా గుర్తు పెట్టాను. తియ్యి, చూద్దాం. అది లేకపోయిందో, రేపు అడుం బజారంతా నీ పేరే!"

అంపోఫో కార్డు ఊడదీసి ఇచ్చాడు. టివా దాన్ని ఎండకు ఏటవాలుగా పట్టి చూసింది. గుర్తు మెరిసింది. కార్డు తనదే.

"ఇంతకీ ఏం పెట్టారు?"

"రంగులేని గోళ్ల పాలిష్. ఇదిగో, కార్డు అంచున ఈ బంగారు పళ్ల మీద. దొంగ కన్ను పడేది అక్కడే కదా."

అంపోఫో నుదురు కొట్టుకున్నాడు. "కరెంటు పోయే దారే అది ఆంటీ! దాన్ని మూసేస్తే దీపం ఎలా వెలుగుతుంది?"

టివా పాలిష్ తుడిచే మందు సీసా తెచ్చి అతని ముందు పెట్టింది. తుడిచి బిగించగానే పచ్చదీపం వెలిగింది.

టివా సంచి పైకి తీసి, దుమ్ము దులిపి, లోపలేముందో చూడకుండానే కుడిచేత్తో అందించింది.